పిస్తోలుకు ఒడిబియ్యం

మా అర్బాబ్, అదే మా అరబ్బు సేటు, కోపిష్టోడని కల్బా ఊర్లె అందరు అంటుండె. ఆయన జీపు నడిపినోన్ని నేను, నాకు తెల్వదా? కోపం ఉంటుండె, కాదనను. అది పొద్దుగాల గహ్వా కాఫీ తాగేదాంకనే. ఆ తర్వాత అంత మెత్తటి మనిషిని నేను గల్ఫ్ మొత్తంల చూడలే. వీసా ఇచ్చే కఫీల్ అంటె పాస్‌పోర్టు గుంజుకొని బీరువల పెట్టి తాళం ఏసేటోడని మా ఊర్లె అనుకుంటరు. మా ముసలాయన నా పాస్‌పోర్టు ఎక్కడ పెట్టిండో మర్చిపోయి నన్నే దేవులాడమంటుండె.

ఆ ఇంట్ల తెలుగోళ్లం ఇద్దరమే. నేను, వంట చేసే మా బావ. సొంత బావ గాదు. ఆయనది మా పక్క ఊరు, వరుస కలిపితె బావ అయిండు. ఇంక అంతే, పొద్దుందాక నేను ఆయన కూరకు వంక పెట్టుడు, ఆయన నా డ్రైవింగుకు వంక పెట్టుడు. అట్లనే మా రోజులు ఎల్లిపోతుండె.

అర్బాబ్‌కు ఒక పిస్తోలు ఉండె. పడుసుతనంల పడవ మీద బహ్రెయిన్ పోయినప్పుడు కొన్నదట. దాన్ని ఆయన ఎన్నడు ఎవ్వరి మీదికి ఎత్తలే. అక్కడ పెండ్లయితె మొగోళ్లంత వరుసగ నిలవడి పాడుకుంట ఆకాశంలకు తుపాకులు కాలుస్తరు. మనకు బాజా ఎట్లనో వాళ్లకు ఆ చప్పుడు అట్ల. పెండ్లిపిల్ల తండ్రి నడుమ నిలవడి చెయ్యి ఎత్తంగనే అందరు ఒక్కపారి పేల్చాలె. పెద్దబిడ్డలందరి పెండ్లిళ్లకు ముసలాయన ఆ పిస్తోలే పేల్చిండు. చిన్నబిడ్డ ఒక్కతే మిగిలింది. తల్లి లేని పిల్ల. ఆమె అంటె ఆయనకు పానం.

ఆమెకు ఖోర్ ఫక్కాన్ ఊరి సంబంధం ఖాయమైనంక, పిస్తోలు ఎట్లున్నదో చూద్దామని నన్ను దీస్కొని ఊరవతలికి పోయిండు. చేతిల కెళ్లి జారి ఇసుకల పడ్డది. తుడిచి కాల్చు అర్బాబ్ అన్న. ఇంటె గద. 'నేను పుట్టి పెరిగిందే ఇసుకల' అనుకుంట అట్లనే కాల్చిండు. గొట్టం ఉబ్బి నిలువున చీలింది. దేవుని దయ, చేతికి ఏం కాలే. ఆయన మొఖం జూస్తె మాత్రం, చెయ్యే పోతె బాగుండు అనుకుంటున్నట్టు ఉండె.

ఇంటికొచ్చి ఆ చిన్నబిడ్డ చేతికే పిస్తోలు ఇచ్చిండు. ఆమె చీలిక మీద ఏలు పెట్టి జూసి, బట్టల సుట్టి బీరువల పెట్టింది. ఆమె లోపటికి పోయినంక నాతోని అన్నడు: 'అక్కలకు పేలి దీనికి పేలకపోతె ఎట్ల? తల్లి లేదు, బాబా గూడ పట్టించుకోలే అనుకోదా?' నీ అన్నదమ్ముల రైఫిళ్లున్నయి గద అన్న. 'అవి వాళ్లయి. నా బిడ్డకు నాది పేలాలె' అన్నడు. ఇంక అదే రంది. అన్నం గూడ సక్కగ తినలే కొన్ని దినాలు.

పిస్తోలు కొన్నప్పటి డబ్బను ఆయన పదిలంగ దాచుకున్నడు. మూత లోపట ఇంగ్లీషుల ఏదో అచ్చేసి ఉంటె కూడబలుక్కొని చదివిన. కొన్న మనిషి బతికున్నన్నాళ్లు గ్యారంటీ అట. నాకు నవ్వాగలే. ముసలాయన నవ్వలే. 'మరి నేను బతికే ఉన్న గద' అన్నడు.

సరే అని గుట్టల నడుమ కెళ్లి దుబాయ్ పోయినం. ఆ పిస్తోలు కంపెనీ సామాను అమ్మే దుకాణం అక్కడ ఉండె. మేనేజరు బొంబాయి ఆయన. పిస్తోలును అటు తిప్పి ఇటు తిప్పి, కంపెనీకి రాస్త, ఏమంటరో జూద్దాం అన్నడు. కొన్నాళ్లకు ఫోన్ చేసిండు. ఆ మోడల్ చేసుడు ఎన్నడో బంద్ అయిందట, గొట్టం దొరకదట. అయినా మాట తప్పరట. పాతది వాపస్ ఇస్తె కొత్త మోడల్ ఉత్తగనే ఇస్తరట. ముసలాయన ఆ పొద్దు నన్ను గట్టిగ పట్టుకొని ముద్దుపెట్టుకున్నంత పని చేసిండు. బిడ్డ పెండ్లికి తన పిస్తోలు పేలుతది, ఇంకేం గావాలె.

పాతదాన్ని తుడిచి డబ్బల పెట్టమని బావకు జెప్పిండు. బావ పెట్టిండు. డబ్బ తెచ్చి జీపుల నా పక్కన పెట్టిండు, నేను ఇప్పి చూడలే.

దుకాణంల మేనేజరు మూత తీసిండు. పసుపు కలిపిన బియ్యం జలజల అద్దం బల్ల మీద పడ్డయి. నడుమ రెండు ఖర్జూరపండ్లు. గొట్టం చీలికల గూడ బియ్యం ఇరికినయి. మేనేజరు ముక్కు మీద అద్దాలు సర్దుకొని 'యే క్యా హై భాయ్, పిస్తోలా బిర్యానీయా?' అన్నడు. అర్బాబ్ నా దిక్కు జూసిండు. గహ్వా తాగకముందు చూసే చూపు అది. నాకు సచ్చేంత సిగ్గయింది.

ఇంక ఏం జేస్త, వచ్చిన అరబ్బీల, రాని హిందీల జెప్పిన. 'అర్బాబ్, మా దిక్కు బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు పుట్టింటోళ్లు పసుపుబియ్యం ఒడిల పోస్తరు. ఉత్త ఒడితోని పంపరు. ఇది ఇంట్ల కెళ్లి ఇంక మళ్ల రాకుంట పోతున్నది గద, అందుకే మా వంటాయన పోసినట్టున్నడు. ఆయన బిడ్డ పెండ్లప్పుడు ఇంక మీ ఇంటికి రాలే, బిల్డింగు సైటు మీద పని. పని జేయించే ముదీర్ సెలవు ఇయ్యలే. తన బిడ్డ ఒడిబియ్యం ఆయన కండ్లతోని చూడలే.'

ముసలాయన బల్ల మీదికి వంగిండు. పిస్తోలును దగ్గరికి గుంజుకొని, చీలికల ఇరికిన బియ్యాన్ని గోటితోని ఒక్కొక్కటి తీసి మళ్ల డబ్బలనే ఏస్తుండె. పక్కన కొత్త పిస్తోలు నిగనిగ మెరుస్తున్నది. మేనేజరు కలం ఇచ్చి ఇక్కడ సంతకం అన్నడు.

'దీన్ని ఏం జేస్తరు?' అని అడిగిండు అర్బాబ్.

'కోసి తుక్కు జేస్తరు సార్. కంపెనీ రూల్.'

'బిడ్డను పంపినట్టు పంపి, కొయ్యనియ్యాల్నా?' డబ్బ మూత పెట్టి సంకల పెట్టుకున్నడు. 'ఖలాస్. యల్లా' అన్నడు, అయిపోయింది, ఇంక నడువుమని.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గుట్టలు దాటేదాంక సణుగుతనే ఉన్న. పిడికెడు బియ్యానికి కొత్త పిస్తోలు ఇడిసిపెట్టి వస్తరా ఎవరన్న? రేపు పెండ్లిల ఏం పేలుస్తవు, నీ తలకాయా? ఆఖరి మాట తెలుగుల అన్న, బతికిపోయిన. ఆయన డబ్బను ఒళ్లె పెట్టుకొని రోడ్డు దిక్కే చూసుకుంట కూసున్నడు.

ఇంటికొచ్చి బావ మీద పడ్డ. 'నీ బియ్యం పాడుగాను, ఏం పని జేసినవే' అంటె ఇసుమంత గూడ సిగ్గుపడలే. 'ఇన్నేండ్లు ఇంట్ల ఉన్నదాన్ని ఉత్తగ ఎట్ల తోలుతర్రా' అన్నడు. అంతల ముసలాయన వంటింట్లకే వచ్చి, పీట మీద కూసొని, నీ బిడ్డ అత్తగారింట్ల మంచిగున్నదా అని అడిగిండు. బావ గంటె కింద పెట్టి ఏడ్సిండు. అర్బాబ్ ఆయన భుజం మీద చెయ్యేసి, పెండ్లి అయిపోంగనే నువ్వు ఇంటికి పోయి బిడ్డను చూసి రా అన్నడు. నా కోపం అక్కడనే సల్లారింది.

పెండ్లినాడు పొద్దుగూకముందు మొగోళ్లంత వరుస కట్టిన్రు. నడుమ అర్బాబ్. చేతిల ఆ చీలిన పిస్తోలే. నేను ఆయనకు దగ్గర్ల జీపు పక్కన నిలవడ్డ. ఆయన చెయ్యి ఎత్తిండు. రైఫిళ్లన్ని ఒక్కపారి పేలినయి, చెవులు గింగురుమన్నయి. ఆయన చేతిల మాత్రం చప్పుడు లేదు. అయినా దెబ్బ తగిలినట్టు చెయ్యిని ఎనుకకు గుంజుకున్నడు, నిజంగ పేలినట్టే. మళ్ల ఎత్తిండు, మళ్ల గుంజుకున్నడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత తలకాయ పక్కకు తిప్పుకున్న.

పెండ్లిపిల్లను తోలేటప్పుడు జీపు నేనే నడిపిన. ముందట అర్బాబ్, ఎనుక పిల్ల, ఆమె మేనత్త. సముద్రం పక్క రోడ్డు. ముసలాయన చేతులు రెండు మోకాళ్ల మీద పెట్టుకొని తలకాయ కిందికేసుకున్నడు. సానదూరం పోయినంక ఎనుక కెళ్లి ఆ పిల్ల అన్నది:

'బాబా, అన్ని తుపాకులల్ల నీదే నాకు ఇనవడ్డది. అక్కల పెండ్లిళ్ల కంటె పెద్దగ ఇనవడ్డది.'

చీలిన పిస్తోలును బట్టల సుట్టిన పిల్లనే గద ఈ మాట అన్నది. ముసలాయన తల మీది గుత్రా కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని, సిన్నపిల్లగాని లెక్క వెక్కి వెక్కి ఏడ్సిండు. ఎనుక కెళ్లి ఆమె చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడ్డది. నేను జీపు పక్కకు దీసి ఆపిన. ఆపమని నాకు ఎవ్వరు చెప్పలే, నాకే రోడ్డు కనవడ్తలేదు.