యునానిమస్ అంటే ఏంది సార్?

పొద్దున మా కాలనీ గ్రూపుల మెసేజ్ వచ్చింది: "ఆదివారం మీటింగ్‌ల, రిటైరైన మన సార్‌ను యునానిమస్‌గా కాలనీ సంఘం అధ్యక్షునిగా ఎన్నుకుందాం." ఆ మాట చదవంగనే మన ఐదో తరగతి గది వాసన ముక్కుకు తగిలింది. సుద్దపొడి, ఓపెన్‌కాస్ట్ బొగ్గుబాయి దుమ్ము, ఎవరి డబ్బాలనో మామిడికాయ తొక్కు.

యాదికున్నదానే స్వప్నా? క్లాస్ లీడర్‌కు నేను, ఆఫీసర్ కొడుకు నిలబడ్డం. మన నాయనలు బొగ్గుబాయి మీద యూనియన్ ఎన్నికలల్ల వేసినట్టే, మనం గూడ చీటీలు రాసి నీ టిఫిన్ డబ్బాల వేసినం. అప్పుడు మనకు పాఠాలు చెప్పిన ఈ రిటైరైన సారే వచ్చి, డబ్బా మూత గూడ తియ్యకుండ ఆ పిలగాని భుజం మీద చెయ్యేసిండు.

"చీటీలెందుకు? యునానిమస్!"

"అంటే ఏంది సార్?" అని అడిగిన.

"ఒక్కరు గూడ కాదనకపోవుడు."

"నేను కాదంటున్న గద సార్!"

"నువ్వు నోరు మూసుకుంటే ఎవ్వరూ కాదననట్టే."

క్లాసంత నవ్వింది. నువ్వు గూడ నవ్వినవ్, మర్చిపోలే.

ఇయ్యాల మధ్యాహ్నం అధ్యక్ష పదవికి నేను గూడ పేరిచ్చిన. ఇద్దరు నిలబడితే చీటీలు వెయ్యక తప్పదు. సార్ జల్ది ఫోన్ చేసిండు.

"పేరు తీసేసుకో బిడ్డా, ఇజ్జత్ పోతది."

"ఎవరిది సార్?" అన్న.

ఆయనే గెలుస్తడు కావచ్చు, నాకు ఫికర్ లేదు. కని ఎదురుగ ఒక్క ఓటు పడ్డా యునానిమస్ అన్న ఆ మాట మైకుల చెప్పనీకి రాదు. ఆ ఒక్క ఓటు నాది. దాన్ని ఆయన ముందటనే గట్టిగ చదివిపిస్త.