బుడగల పిన్ని పనివాళ్ళు

"పాప మళ్ళీ నేల నాకేసింది! ఇప్పుడేమవుతుంది?"

ఈ ప్రశ్న రోజుకు కనీసం ఆరుసార్లు మా ఆవిడను అడిగేవాణ్ణి. తను ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి మరీ అడిగేవాణ్ణి. "ఏమవుతుంది, నేల శుభ్రమవుతుంది" అనేసి పెట్టేసేది. పాపకు తొమ్మిదో నెల. కొత్తగా పాకడం నేర్చింది. ఏ మూల ఏ క్రిమి పొంచి ఉందోనని నాకు ఒకటే బెంగ. సూక్ష్మజీవశాస్త్రం చదివినవాణ్ణి కావడంతో నా బెంగకు లాటిన్ పేర్లు కూడా ఉండేవి.

ఆ రోజుల్లో ఇంట్లోనే కూర్చుని, హైస్కూలు పర్యావరణశాస్త్రం పుస్తకం చివర వేసే ముఖ్యపదాల పట్టిక రాస్తున్నాను. ఒక చేత్తో 'ఆవరణ వ్యవస్థ' అంటే ఏమిటో రాయడం, రెండో చేత్తో నేల మీద ఫినాయిల్ పొయ్యడం. ఈ రెండు చేతులూ ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

కొన్నాళ్ళకు మా ఇల్లొక్కటే శుభ్రంగా ఉంటే చాలదనిపించింది. మా అపార్ట్‌మెంట్లలో అరవై ఇళ్ళు. ఒక శనివారం వాళ్ళందరూ ఉన్న ఫోన్ గ్రూపులో పొడుగాటి సందేశం పెట్టాను. డ్రెయిన్లు క్రిముల పుట్టిళ్ళు. రేపు పొద్దున పదింటికి ప్రతి ఇంట్లోనూ సింకులో ఒక సీసా, బాత్రూములో ఒక సీసా బ్లీచింగ్ ద్రావణం పొయ్యండి. అందరం ఒక్కసారే పోస్తే వాటికి పారిపోయే దారుండదు. కింద నా డిగ్రీ కూడా రాశాను. ఆ డిగ్రీ పనిచేసింది. మెట్ల మీద లైటు ఏ రంగుదుండాలో మూడేళ్ళుగా తేల్చుకోలేని అరవై ఇళ్ళూ ఆ ఆదివారం ఒక్క మాట మీద నిలబడ్డాయి.

సోమవారం పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా బుడగల పిన్ని.

ఆమెకు యాభై దాటాయి. మా సెల్లార్‌లో మురుగునీటి ప్లాంటుంది. అరవై ఇళ్ళ మురుగూ అక్కడికే చేరి, శుభ్రపడి, మళ్ళీ మొక్కలకూ ఫ్లష్ ట్యాంకులకూ వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని నడిపేది ఆమే. తొట్టిలోకి గాలి ఊదే బ్లోయర్ వల్ల ఎప్పుడూ బుడగలు లేస్తుంటాయి కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. మొదట అక్కడ ఊడ్చే పనికి చేరిందట. పాత ఆపరేటరు మానేసి వెళ్ళిపోతూ, "ఈ స్విచ్ పైకుంటే నడుస్తుంది, కిందకుంటే ఆగుతుంది" అని ఒక్క ముక్క చెప్పి పోయాడట. మిగతాదంతా ముక్కుతో నేర్చుకుంది. మొగుడి గురకకు మెలకువ రాదు గానీ బ్లోయర్ చప్పుడు కాస్త తేడా వస్తే కునుకు తీస్తున్నదల్లా లేచి కూర్చుంటుందని ఆమె కోడలు చెప్పేది.

పిన్ని గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చింది. "పసిపిల్లున్న ఇంట్లో పాల వాసన రావాలి బాబూ. ఇదేంటి, ఆపరేషన్ థియేటర్ వాసనొస్తోంది?"

"శుభ్రత పిన్నీ."

"ఓహో. గ్రూపులో ఆ రాత నీదేనటగా? మా కోడలు చదివి వినిపించింది. భలే రాశావులే. రా, నీ ఘనకార్యం చూద్దువుగాని. పిల్లనీ ఎత్తుకో."

"పాపనా? అక్కడికా?"

"మరి నీ వారసురాలు చూడొద్దూ?"

పాపను దుప్పటిలో మూటగట్టుకుని దిగాను. రోజూ పొద్దున పిన్ని తొట్టిలోంచి ఒక గాజు జాడీ నిండా నీళ్ళు ముంచి, అరగంట కదపకుండా ఉంచుతుంది. గోధుమరంగు బురద గడ్డలు గడ్డలుగా కిందికి దిగి, పైన తేట నిలవాలి. ఆ రోజు ఏదీ దిగలేదు. జాడీ అంతా కలి నీళ్ళలా మసకగా ఉంది. తొట్టి మీద సబ్బు నురగలాంటి తెల్లటి నురగ.

"మామూలుగా ఇక్కడ తొలివాన పడ్డ మట్టి వాసనేస్తుంది. ఇప్పుడు చూడు" అంది.

చూశాను. ఈత కొలను వాసన.

"మావాళ్ళు పోయారు బాబూ."

ఊళ్ళో చుట్టాల మాట చెప్పినట్టు చెప్పింది. ఆ 'మావాళ్ళు' ఎవరో నాకు వెంటనే అర్థమైంది. మురుగును తిని నీటిని తేటపరిచే బాక్టీరియా. వాటికి పుస్తకంలో ఉండే పేరే ఆ వారంలో నేను రాసిన మూడో పదం.

"వాటిని విఘటనకారులంటారు పిన్నీ" అన్నాను, నోరు ఊరుకోక.

"అరవై ఇళ్ళ పాపం తిని బతికేవాళ్ళకి అంత వికారమైన పేరా? పెట్టినాయన ఎవరో ఒక్క పూట ఇక్కడ పనిచేస్తే తెలిసేది."

ఇంతలో సంఘం కార్యదర్శి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగారు. "చూశారా, ముక్కుతో ప్లాంటు నడిపితే ఇంతే! పై గురువారం నీళ్ళు పరీక్షకు తీసుకెళ్తారు. తప్పితే మాత్రం ప్లాంటును బయటి కంపెనీకి అప్పజెప్పేస్తాం. వాళ్ళ మనిషినే పెట్టుకుంటారు. ఇంక మీరు విశ్రాంతి తీసుకోవచ్చు."

పిన్ని నా వంక చూసింది. నేను సీలింగు వంక చూశాను. ఆయన వెళ్ళిపోయారు.

"చెప్పలేదేం పిన్నీ, తప్పు నాదని?"

"నువ్వు చెబుతావేమోనని చూశా. పైనేదో అంత శ్రద్ధగా చూస్తున్నావు, ఏం రాసుందక్కడ?"

ఆ మధ్యాహ్నమే కూర్చుని గ్రూపుకు క్షమాపణ రాశాను. కరిగిన ఆక్సిజన్, జీవవైవిధ్యం, ఆహారపు గొలుసు, అన్నీ వచ్చేట్టు నలభై వాక్యాలు. పిన్నికి చదివి వినిపిస్తే ఇరవయ్యో వాక్యం దగ్గర ఆవులించింది.

"ఇది చదివేలోపు ఇంకో ఆదివారం వచ్చేస్తుంది. నే చెప్తా, రాయి. 'మొన్న నేను చెప్పింది తప్పు. మనం చంపింది క్రిముల్ని కాదు, మన ప్లాంటులో పనివాళ్ళని. ఇక డ్రెయిన్లో ఎవరూ ఏ మందూ పొయ్యొద్దు.' కింద ఆ డిగ్రీ కూడా వెయ్యి. తప్పుకి వేసినప్పుడు ఒప్పుకి వెయ్యవా?"

వేశాను. కార్యదర్శి గారు ఒక్క బొటనవేలు బొమ్మ పెట్టారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తెలియదు.

కొత్త పనివాళ్ళను తేవాలి. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్ల ప్లాంటు నడిపేది పిన్ని అక్క మొగుడు. మంగళవారం ఎనిమిది ఖాళీ డ్రమ్ములు, ఒక ట్రాలీ ఆటో, నేను, పిన్ని బయల్దేరాం.

"ఏం మరదలా, దారి తప్పావా?" అన్నాడాయన స్టూలు మీంచి లేవకుండానే.

"బురద కావాలి బావా."

"ఎవరి బురద మేలో చెప్పి పట్టుకెళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా అడుగుతున్నా."

పిన్ని పళ్ళు కొరికింది. "నీదే బావా."

"ఆ అబ్బాయికి వినబడలేదనుకుంటా."

"నీదే! వినబడిందా బాబూ?"

"వినబడింది పిన్నీ."

ఆయన ఆనందానికి హద్దుల్లేవు. పైపు తానే పట్టి డ్రమ్ములన్నీ నింపాడు. ఆటో కదిలాక పిన్ని నా చెవిలో, "ఆయన దగ్గర ముప్పై ఇళ్ళే. తినేవాళ్ళు బోలెడు, తిండి చారెడు. వీళ్ళంతా పస్తులున్నోళ్ళు. మన తొట్టి చూస్తే ఆవురావురుమని పడతారు. అందుకే వీళ్ళని తెచ్చా. బావకి చెప్పకు" అంది. ఒక చోటు ఎందరిని పోషించగలదన్న లెక్కకు నేను పుస్తకంలో అరపేజీ తీసుకున్నాను.

తర్వాతి తొమ్మిది రోజులూ పాపను చంకనేసుకుని పొద్దున్నే జాడీ దగ్గర హాజరు. మూడో రోజు అడుగున వేలెడంత బురద. ఐదో రోజు గడ్డలు. ఏడో రోజు నురగ గోధుమరంగుకు తిరిగింది. పిన్ని నా భుజం మీద చరిచిన చరుపుకు పాప కూడా ఉలిక్కిపడింది. మర్నాడు బ్లోయర్ బెల్టు తెగి, మధ్యాహ్నం దాకా కొత్త పనివాళ్ళకు గాలి అందలేదు. ఆ కాసేపూ పిన్ని ఒక్క జోకూ వెయ్యలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని వెదురు కర్రతో నీళ్ళు కలుపుతూనే ఉంది. చేయి నొప్పెడితే నాకిచ్చింది.

గురువారం నీళ్ళు పట్టుకెళ్ళారు. సోమవారం ఫలితం వచ్చింది. గట్టెక్కాం, బొటాబొటిగా. కాగితం తెచ్చిన కార్యదర్శి గారు, "మొత్తానికి యంత్రం బాగానే పనిచేసింది" అన్నారు.

"అవునండీ, యంత్రం చాలా కష్టపడింది" అంది పిన్ని, చేతులు తుడుచుకుంటూ.

ఆయన వెళ్ళాక నా పట్టికలోంచి ఆమెకు చాలా పదాలు చదివి వినిపించాను. కొన్నిటికి తలూపింది, కొన్నిటికి నవ్వింది. పిల్లలకు ఇన్ని మాటలు గుర్తుండవు, ఒక్కటే చెప్పాలంటే ఏం చెప్పమంటావని అడిగాను. జాడీ కడుగుతూ అంది:

"ఏదైనా కనబడంగానే చంపడానికి సీసా ఎత్తకు బాబూ. ముందది ఇక్కడేం పని చేస్తోందో కనుక్కో. పనేమీ లేకపోతే అప్పుడు చూద్దాం."