పాపమని వదిలేసిన తోక

మా చిన్నప్పుడు... స్కూల్ నుంచి రాగానే గమ్‌బూట్లు తొడుక్కుని, కోళ్ల రెట్టలో జారిపడకుండా నడవడమే నా హోంవర్క్. ఛీ... ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి ముక్కు మీదికి పోతుంది.

2014 ప్రాంతం మాట. ఆక్లాండ్‌లో హెండర్సన్ దాటాక, మూడెకరాల స్థలంలో ఓ పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు నాన్న. కరీంనగర్ దగ్గర వ్యవసాయం వదిలేసి వచ్చిన మనిషి... కాస్త మట్టి దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. ఐదు గొర్రెలు, పది కోళ్లు. ఫొటోలు చూసి చుట్టాలు మురిసిపోయేవారు. ఫొటోకి కంపు ఉండదు కదా!

తల్లి తన్ని తరిమేసిన ఓ గొర్రెపిల్ల నా పాలపడింది. పేరు బుజ్జి. సీసాతో పాలు పట్టేదాన్ని. సగం పాలు, దాని చీమిడి నా చేతికే. స్వెటర్ అంచు నమిలి జిగురు చేసేది. అయినా అదంటే నాకు ప్రాణం.

ఓ రోజు పక్క ఫామ్ మార్గరెట్ ఆంటీ రబ్బరు ఉంగరాలు పట్టుకుని వచ్చింది. గొర్రెపిల్ల తోకకి ఉంగరం బిగిస్తే, కొన్నాళ్లకు తోక ఎండి రాలిపోతుంది. ఇక్కడ అందరూ చేసే పనే. నాన్న ఆవిడకి "నో, థాంక్యూ" చెప్పి, మా వైపు తిరిగారు.

"దేవుడిచ్చిన తోకను మనం తీసుడేంది? పాపం తగుల్తది."

మేమెంత దయగలవాళ్లమో అని స్కూల్లో కూడా గొప్పలు పోయాను.

ఇక్కడ వేసవి మొదలయ్యే నవంబరులో ఎండ ముదిరింది. రెండు రోజులుగా బుజ్జి పాలకు రావడం లేదు. ఓ మూల నిలబడి కాళ్లు నేలకేసి కొడుతోంది, వెనక్కి తిరిగి కొరుక్కుంటోంది. తోక కింద ఉన్నికి పేడ అట్టలు కట్టింది.

"ఏందే ఈ కంపు?" అంటూ అమ్మ తోక ఎత్తి చూసింది.

పురుగులు... ఉడికే బియ్యంలా కుతకుతలాడుతూ, బతికున్న చర్మాన్ని తింటున్నాయి. అమ్మ కంచె పట్టుకుని వాంతి చేసుకుంది.

"ఉరుకు బిడ్డా, ఆంటీని పిల్వు! సచ్చిపోతది!"

నాన్న డ్యూటీలో ఉన్నారు. ఆంటీ పెద్ద కత్తెరతో వచ్చి, నన్ను బుజ్జి తల గట్టిగా పట్టుకోమంది. ఉన్ని కత్తిరిస్తుంటే పురుగులు గుప్పెళ్లకొద్దీ రాలాయి... నా బూట్ల మీద. ఒకటి మోచేతి దాకా పాకింది. ఆ కుళ్లు వాసన నాలుక మీద తగిలింది. బుజ్జి మాత్రం నన్నే చూస్తోంది.

మందు పోసి, చేతులు కడుక్కుంటూ ఆంటీ అసలు సంగతి చెప్పింది. పొడుగు తోక కింద పేడ అంటుకుంటే ఈగలు గుడ్లు పెడతాయట. అందుకే ఆ ఉంగరాలు.

బుజ్జి బతికింది. వారానికి తేరుకుని, నేరుగా నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. పాల కోసం మోకాళ్లను పొడిచింది. నాకు ఆ పురుగులే గుర్తొచ్చాయి... కాలితో నెట్టేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ నెట్టాను.

ఆ తర్వాత పాలన్నీ అమ్మే పట్టింది, చున్నీ ముక్కుకు కట్టుకుని. వాంతి చేసుకున్న మనిషి చేయగలిగింది, ప్రేమించానన్న నేను చేయలేకపోయాను. కొన్నాళ్లకు బుజ్జి నా వైపు రావడం మానేసింది. పురుగుల కన్నా ఇప్పుడు నాకు నా మీదే ఎక్కువ రోత.

ఇప్పుడు నేనుండేది ఆక్లాండ్‌కి దూరంగా, జాన్సన్‌విల్‌లో ఓ ఫ్లాట్‌లో. అంతా శుభ్రం, ఏ వాసనా లేదు... నన్ను చూసి పరుగెత్తుకొచ్చే ప్రాణి కూడా ఒక్కటి లేదు.

మీరూ ఎప్పుడైనా ఇలా ఏ మూగజీవినైనా నెట్టేశారా? నెట్టి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలనుంది.