గౌరికి పట్టిన బెంగ

రాష్ట్ర పశుసంవర్ధక శాఖలో నా చివరి పోస్టింగు జంషెడ్‌పూర్. కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో, సాక్చీ వైపున్న పశువుల ఆసుపత్రిలో చేరాను. హిందీలో నా హోదా పేరు చాలా పొడుగు: భ్రమణశీల్ పశుచికిత్సా పదాధికారి. ఊళ్లు తిరిగి పశువులకు వైద్యం చేసే అధికారి అని అర్థం. పేరులో ఉన్నంత తిరుగుడు ఆ ఊళ్లో ఉండేది కాదు. పొద్దున్నే ఓపీడీలో కుక్కలు, మేకలు, ఖటాళ్ల నుంచి, అంటే పాడిపశువుల కొట్టాల నుంచి, గేదెలు. మధ్యాహ్నం టీకాల పని.

ఆ ఊరు నాకు కొత్త కాదు. మా నాన్నగారు అక్కడి ఉక్కు ప్లాంటులో ఇంజనీరు. నేను పెరిగింది కాసిడీహ్‌లో. ఆ పోస్టింగు కోరుకుని వేయించుకున్నాను. కానీ నేను వచ్చేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ లేరు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి లేడు. ఓపీడీ వరసలో ఎక్కడైనా విజయనగరం యాస వినిపిస్తే, చేస్తున్న ఇంజెక్షను చేస్తూనే చెవి అటు వేసేదాన్ని.

అలా వినిపించిన గొంతే పైడితల్లిది. ఎండలు ముదిరాక ఒక పొద్దున కూతురితో కలిసి వచ్చింది. యాభై దాటిన మనిషి. బర్మామైన్స్‌లో కాపురం. భర్త సూర్యనారాయణ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి, ఆ చలికాలంలోనే గుండెపోటుతో చనిపోయాడట. కూతురు లావణ్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని తెచ్చిన కూరగాయల క్రేటులో, తడి తువ్వాలు కింద, మూరెడు పొడుగున్న ఒక జంతువు కదలకుండా పడుకుని ఉంది. తువ్వాలు తీయగానే బుస కొట్టి నోరు తెరిచింది. నాలుక సిరా పూసినంత నీలం.

కంచెల దగ్గర ఎండుటాకుల్లో మెరుస్తూ జారిపోయే నలికిరి మనకు తెలిసిందే. దానికి పెద్ద చుట్టం ఇది. బ్లూ టంగ్ స్కింక్ అంటారు. ఆస్ట్రేలియాలోనూ ఇండోనేషియా దీవుల్లోనూ ఉంటుంది. విషం లేదు. శత్రువును బెదిరించడానికి ఆ నాలుక చూపిస్తుంది, అంతే. మన దగ్గర పెంచుకునేవాళ్లు తక్కువ. అంతకుముందు కొంతకాలం జంతుప్రదర్శనశాలకు డెప్యుటేషన్ మీద వెళ్లి ఉండకపోతే నేనూ తడబడేదాన్నే.

“తిండి ముట్టుకోడం నేదు డాట్రమ్మా” అంది పైడితల్లి. “మా ఇంటాయన పోన కాడ్నించీ ఇదే వరస. ఆయన సేత్తో గుడ్డు ముక్క ఎడితే ఎంత బాగా తినీదో! ఇప్పుడు నాను ఎడితే మొకం తిప్పేసుకుంటంది. బెంగెట్టేసుకుంది.”

లావణ్య హిందీలో అందుకుంది. “మేడమ్, యే భీ నహీ ఖాతీ, మా భీ నహీ ఖాతీ.” ఇదీ తినడం లేదు, అమ్మా తినడం లేదని. ఇలాంటి విదేశీ జంతువుల్ని ఉంచుకుంటే అటవీ శాఖ దగ్గర నమోదు చేయించాలి. తండ్రి చేయించాడు. ఆయన పోయాడు కాబట్టి ఇప్పుడు తల్లి పేరుకైనా మార్పించాలి, లేదా శాఖకు అప్పగించాలి. అప్పగించడమే మంచిదని లావణ్య ఉద్దేశం. పొద్దస్తమానం అమ్మ ఆ గాజుపెట్టెల ముందే కూర్చుంటోందని, ఇవి ఎదురుగా ఉన్నంతకాలం కోలుకోదని చెప్పింది. డాక్టరు చెబితే అమ్మ వింటుందని నన్ను అడిగింది.

పైడితల్లికి ఆ హిందీ అంతా అర్థమైంది. క్రేటు తన వైపుకు లాక్కుంది.

జంతువును బల్ల మీదకు తీసుకున్నాను. కళ్లు లోతుకు పోయాయి. తోక మొదలు దగ్గర కండ తగ్గి ఎముక తెలుస్తోంది. పాత చర్మం సరిగా ఊడిరాక కాళ్లకు పొరలు పొరలుగా అంటుకుపోయి ఉంది. వేళ్ల చుట్టూ అది ఉంగరంలా బిగిసింది. ముందరి కాలి వేలొకటి అప్పటికే నల్లబడి ఎండింది. పాకే జంతువులు కుబుసం విడిచేటప్పుడు గాలిలో తేమ చాలకపోతే ఇలా అవుతుంది. బిగిసిన చోట రక్తం ఆగి వేలు చచ్చిపోతుంది. తేమ లేకనే ఒంట్లో నీరు తగ్గి ఆకలీ పోతుంది.

ఇంట్లో ఇలాంటిదే ఇంకొకటి ఉందని, దానికి ఏ జబ్బూ లేదని అప్పుడు చెప్పారు. పెద్దదాని పేరు దొర. బదిలీ అయి వెళ్తూ ఒక పెద్ద ఆఫీసరు సూర్యనారాయణకు ఇచ్చిపోయినది అది. దానికి జోడీగా ఉంటుందని కోల్‌కతాలో కొన్నది ఇది, గౌరి. అమ్మినవాడు రెండూ ఒకటే ఆస్ట్రేలియా జాతి అన్నాడట.

“దొర సుబ్బరంగా తింటన్నాడు. ఆడికేటి, ఆయనుంటే ఏటి నేకపోతే ఏటి?” అంది పైడితల్లి. “బెంగంతా దీనికే.”

ఒకే ఇంట్లో, ఒకే తిండితో ఒకటి బాగుండి ఇంకొకటి పాడవుతుంటే, రెంటినీ వాటి చోట్లలోనే చూడాలి. సాయంత్రం డ్యూటీ దిగి బర్మామైన్స్ వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ కింద రెండు గాజుపెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి. పాత అద్దాలు, ప్లైవుడ్ ముక్కలు కూర్చి సూర్యనారాయణ తన చేత్తో చేసినవి. మూలలు ఎంత నున్నగా అరగదీశాడంటే, వేలితో తడిమి చూశాను. పైన చెరో బల్బు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి వడగాలి.

దొరను బయటికి తీసి నేల మీద పరిచిన పాత దుప్పటి మీద పెట్టాను. గౌరిని లావణ్య దూరంగా క్రేటులోనే పట్టుకుంది. రెంటినీ ఒకేసారి చూశాక అనుమానం లేదు, ఇవి ఒక జాతివి కావు. దొర బలిష్ఠంగా, పక్కల నారింజ రంగు పట్టీలతో, మచ్చలేని లేత ముందుకాళ్లతో ఉంది. తోక పొట్టి. ఇది ఉత్తర ఆస్ట్రేలియా రకం. ఎండిన నేలల జంతువు, పొడి గాలికి తట్టుకుంటుంది, పెంచేవాళ్లు కొత్తవాళ్లయినా ఓర్చుకుంటుంది. అందుకే అందరూ మొదట దీన్ని కోరతారు, అమ్మేవాళ్లు అన్నిటికీ దీని పేరే చెబుతారు. గౌరి సన్నం. తోక పొడుగు. ముందుకాళ్లు బొగ్గులా నలుపు, ఒళ్లు ఎర్రమట్టి రంగు మీద చెదిరిన నల్లచుక్కలు. ఇండోనేషియా దీవులది. వాన ఆగని అడవి, తడి ఆకుల నేల దాని ఇల్లు.

చెన్నైలో ఇలాంటి జంతువులకే ప్రాక్టీసు పెట్టుకున్న నా క్లాస్‌మేట్‌కు అక్కడి నుంచే ఫొటోలు పంపాను. హల్మహెరా దీవి రకంలా ఉందని, మెరౌకే వైపుది కూడా కావచ్చని, రెంటికీ తేమ మాత్రం బాగా కావాలని చెప్పాడు. ఇంకో దీవిదైన టనింబార్ రకమైతే ఇంకా చిన్నగా, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే కరిచేదిగా ఉండేదట. ఆ అనుమానం అక్కర్లేదన్నాడు. ఆడో మగో మాత్రం పైకి చూసి చెప్పలేమని నవ్వాడు. గౌరి అనే పేరు సూర్యనారాయణ ఊహే.

మరి ఇన్నాళ్లూ గౌరి ఎలా బతికింది? పెట్టె మొదటి నుంచీ ఇక్కడే ఉందా అని అడిగాను. లేదు. ముందుగదిలో చోటు చాలక, స్నానాలగది గుమ్మం పక్కన పెట్టాడట. రోజంతా తడిగా ఉండే మూల. ఆయన పోయాక పదకొండో రోజుకు బంధువులు వస్తారని, దారికి అడ్డమని, లావణ్య దాన్ని తెచ్చి దొర పక్కన ఉంచింది. దానికి తేమ కావాలని ఆయనకీ తెలియదు, ఈమెకీ తెలియదు. ఆయన పోవడమూ తేమ పోవడమూ ఒకేసారి జరిగాయి.

రెంటినీ ఒకే పెట్టెలో వేస్తే తోడుగా ఉంటాయేమోనని పైడితల్లి అడిగింది. వద్దన్నాను. ఇవి జత కట్టే కాలంలో తప్ప ఒకదాన్నొకటి సహించవు, కాళ్లు కొరికేసుకుంటాయి. తర్వాత తేమ సంగతి వివరంగా చెప్పాను. ఆమె అంతా వింది.

“అయితే దానికి బెంగ నేదా?”

“ఇవి ఒంటరిగా తిరిగే జాతి అమ్మా. తిండి పెట్టే మనిషిని గుర్తుపడతాయి. అంతకు మించి బెంగ పెట్టుకుంటాయని నేను చెప్పలేను. దీని జబ్బు గాలిలో తడి లేకపోవడమే.”

మంచి కబురు చెప్పాననుకున్నాను. ఆమె ముఖం మాత్రం ఇంకా వాడిపోయింది.

“మరైతే ఈ ఇంట్లో ఆయన కోసం ఏడిసేదాన్ని నానొక్కదాన్నేనేటి?”

క్రేటు పట్టుకున్న లావణ్య అది కింద పెట్టకుండానే అంది. ఆమె నోట తెలుగు వినడం నాకదే మొదలు.

“నాకు నేదనుకున్నావేటమ్మా బెంగ?”

పైడితల్లి తలెత్తి చూసింది. “మరెప్పుడూ సెప్పనేదేటే?”

“నువ్వు దీంతోనే కూకుంటే నానెవరికి సెప్పను?”

ఆ తర్వాత తల్లీకూతుళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకున్నారు, లోపలి గదిలో, చాలాసేపు. నేను గోరువెచ్చని నీళ్లు పళ్లెంలో పోసి గౌరి కాళ్లు మునిగేలా కూర్చోబెట్టాను. చర్మం నాని మెత్తబడడానికి ఎలాగూ సమయం పడుతుంది. తడి దూదితో ఒక్కో వేలి మీది పొర వదులు చేస్తూ కూర్చున్నాను. లోపలి నుంచి వస్తున్న మాటలు వినకూడదనుకుంటూనే విన్నాను. మా అమ్మతో ఇలా ఎప్పుడూ కూర్చోలేదు నేను. నల్లబడిన వేలిని కాపాడలేకపోయాను. మిగతావి దక్కాయి.

పెట్టెను మళ్లీ స్నానాలగది గుమ్మం పక్కకు మార్పించాను. అడుగున తడిపిన కొబ్బరిపీచు పరచమన్నాను. దొర పెట్టెలో మాత్రం చుక్క నీరు చల్లొద్దని గట్టిగా చెప్పాను. దానికి ఆ తేమే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. తర్వాత కొన్ని వారాలు చూడ్డానికి వెళ్లాను. గౌరి తినడం మొదలుపెట్టిందని ఫోనులో చెప్పినప్పుడు పైడితల్లి గొంతులో సంతోషం పెద్దగా లేదు. “తింటందండి” అంది. “మాయమ్మి లావణ్య కూడా ఇప్పుడు నాతోనే తింటంది” అని కలిపింది.

నమోదు తల్లి పేరుకే మారింది. ఆరోగ్య ధ్రువపత్రం మీద నేనే సంతకం చేశాను, రెండు జంతువుల జాతులూ వేరువేరుగా రాసి. నేను రిటైరయ్యే నాటికి రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఆ ఇంటికి వెళ్లడానికి నాకు పనేమీ లేదు. వెళ్లాలని మాత్రం ఉంటుంది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. విదేశీ జంతువు వస్తే అమ్మినవాడు చెప్పిన పేరు పక్కన పెట్టి, జాతి నేనే తేల్చుకున్నాక మందు రాశాను. పెట్టె ఈమధ్య ఎవరైనా కదిపారా అని తప్పకుండా అడిగాను. యజమాని ‘బెంగపెట్టుకుంది’ అంటే వెంటనే కాదనలేదు. జంతువుకు బెంగ లేదని చెప్పాల్సివస్తే, ఆ మాట వినే మనిషి పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడే చెప్పాను.