మంగళవారం డబ్బా

1979లో నేను విశాఖపట్నంలో జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థినిని. ఫిషింగ్ హార్బర్‌లో దిగే చిల్లర చేపల్లో ఎన్ని జాతులున్నాయో, ఒక్కో జాతి ఎంత వంతో తేల్చడం నా పని. జాతులు ఎక్కువై, వంతులు దాదాపు సమంగా ఉంటే వైవిధ్యపు అంకె పెద్దదవుతుంది. ఒకే జాతి ముంచెత్తితే చిన్నదవుతుంది. లాగరిథమ్ పట్టికలు పెట్టుకుని చేత్తోనే లెక్క కట్టేదాన్ని. థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం ఆ అంకెలదే. 1980 మార్చితో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.

జనవరి 2 నుంచి ప్రతి మంగళవారం వెళ్లాను. చీకటితో బయలుదేరడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. నా బస్సు చేరేసరికి చిల్లర కుప్పను ఎండబెట్టేవాళ్లు తీసుకుపోయేవారు. అందుకని చేపలమ్మే ఒకామె దగ్గర నా రేకు డబ్బా ఉంచాను. కుప్పలోంచి డబ్బాడు తోడి, తడి గోనె కింద దాచమన్నాను. ఆమెను అక్కడి వాళ్లలాగే అప్పా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని.

నవంబరు 13, మంగళవారం, బస్సులు నడవలేదు. మర్నాడు ఇంట్లో పోట్లాడి మొదటి బస్సెక్కాను. అప్ప ఇంకా రాలేదు. వెంట తెచ్చుకున్న అలాంటి డబ్బానే కుప్పలో ముంచుకున్నాను.

పదకొండు జాతులు. మూడొంతులు కారలనే చిన్న వెండిరంగు చేపలే. అంతకుముందు వారం ముప్ఫై నాలుగు జాతులు, అన్నీ కాస్త కాస్త. మూడుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిది రోజుల్లో సముద్రం ఇంత మారుతుందా? నేనే జాతులు గుర్తుపట్టలేకపోతున్నానా? ఏమీ తోచక గురువారం మళ్లీ వెళ్లాను.

“అప్పా, నా డబ్బాలో ఏం వేస్తున్నావు?”

“సేపలే. ఇంకేటేత్తాను, పాములా?” చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. “వట్టి కారలేత్తే మీ మొకం సిన్నబోతాది. నాలుగు బోట్ల కాడ తిరిగి రకానికోటి ఏరతన్నాను. ఊరికేటి?”

“ఎప్పటినుంచి?”

“మొదట్లో కాదమ్మా. ఓ సేపని సూసి మీరు గంతేసారు సూడండి, ఆ ఎనకాల నుంచి.”

“ఏ చేప?”

“నాకేటి గురుతు? మీరే గదా రాసుకుంతారు.”

నోటుబుక్కు తీశాను. గంతేసేంత చేపలు మూడు. ఫిబ్రవరి 20న సముద్రపు గుర్రం, ఏప్రిల్ 17న పెట్టెలాంటి చేప, జూలై 3న ఈకల్లాంటి రెక్కలున్నది. మొదటిదైతే నమ్మదగ్గ డబ్బాలు ఎనిమిది. రెండోదైతే పదహారు. మూడోదైతే ఇరవై ఏడు. మూడింటికీ గంతేశానా? అది మాత్రం రాసుకోలేదు.

“ఇయ్యి మన సముద్రంలోయి కావేటి?” అంది అప్ప, నా మొహం చూసి. “నానేటి, బొమ్మలు సేసి పెట్టానా?”

సముద్రంలోవే. జాతుల జాబితాకు ఆమె ఏరిన ప్రతి చేపా పనికొస్తుంది. వంతుల లెక్కకే పనికిరాదు. ఆ తేడా ఆమెకెలా చెప్పాలో తెలియలేదు. సరిగ్గా చెప్పాలంటే నాకే తికమకగా ఉంది.

ఆగస్టులో జ్వరంతో పోయిన రెండు వారాలు తీసేస్తే మొత్తం నలభై మూడు డబ్బాలు. మొదటి ఎనిమిదే ఉంచుకుని ముప్ఫై అయిదు కొట్టేశాను. మార్చి ఆఖరుకు పంతొమ్మిది మంగళవారాలున్నాయి. వాటితో అధ్యాయం నిలుస్తుందో లేదో గైడ్ కూడా చెప్పలేకపోయారు.

నవంబరు 20న మొదటి బస్సుకు వెళ్లి, అప్ప దగ్గర డబ్బా తీసుకుని నేనే కుప్పలో ముంచాను.

“నా సెయ్యి అంత సెడ్డదయిపోనాదేటి?” అంది.

కాదన్నాను. డబ్బాలోకి తొంగిచూసింది.

“సూసారా,” అంది, “కారలే.”