ఎలుక కడుపులో చుక్కలు

ఈ మధ్యాహ్నం గ్రీన్‌వుడ్ పార్క్ పేటలో నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు రూతమ్మగారు నాకు అన్నం డబ్బా తీసుకుని నేను పనిచేసే ల్యాబ్‌కి వచ్చారు. ఈ దేశంలో తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం రాకముందు తనలాంటి భారతీయుల్ని ఆ గడప తొక్కనిచ్చేవారు కాదట. ముచ్చటపడి మైక్రోస్కోపులో ఎలుక కడుపు చూపించాను. హార్మోను తయారుచేసే కణాల్లో జన్యువు పనిచేసే చోటల్లా, చీకట్లో చుక్కలు పొడిచినట్టు మెరుస్తుంది. రెండో స్లైడులో మెరుపు అంతంతమాత్రమే.

"ఇది డార్క్ ఎందుకు, బాబూ?"

"ఈ ఎలుకని పస్తుంచామమ్మా. తిండి లేకపోతే జన్యువు మందగిస్తుంది."

"అయ్యో, అన్నం పెట్టలా?"

వెంటనే కళ్లు మూసుకుని దాని కోసం ప్రార్థన చేశారు. అది ఎప్పుడో చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. దేవుణ్ణి నమ్మని నేను "ఆమెన్" అన్నాను.

తర్వాత ఆమె పెట్టిన పప్పన్నం తింటుంటే, నా కడుపులోనూ ఒక్కో చుక్కా వెలుగుతున్నట్టే అనిపించింది.

మీలో ఎవరైనా ఎలుకకి ఆమెన్ చెప్పారా?