బావ బిగించిన మంచు చక్రాలు

అక్క ఫోన్ చేసిన తీరుకే బయలుదేరాను. "రేపు మీ బావ చక్రాలు బిగించి చూస్తుండు. పట్టకపోతే మళ్ల మంచం ఎక్కుతడు. నువ్వొచ్చి పక్కనుండవే" అంది.

బావ చంద్రపూర్ దగ్గర భూగర్భ బొగ్గుగనిలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక మాటే తగ్గించేశాడు. అక్క మంచు చూడాలని అడిగాకే మనిషిలో కదలిక వచ్చింది. కారులో మనాలి పోదామన్నాడు. కశ్మీర్ నుంచి బదిలీపై అక్కడికి దగ్గరే ఉన్న ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చిన ఒకాయన దగ్గర, మంచులో జారని టైర్లున్న పాత చక్రాలు నాలుగు కొన్నాడు.

కాగజ్‌నగర్‌లో మర్నాడు పొద్దున ఏడుంబావుకు రైలెక్కాను. పక్కన వంకాయల గంపతో ఉన్నామె ఎక్కడికని అడిగింది. అక్కవాళ్లు చక్రాలు బిగిస్తున్నారు, చూడటానికని చెప్పాను.

"గది చూడనీకి రైలెక్కినవా?" అని నవ్వింది.

తొమ్మిది దాటాక చంద్రపూర్‌లో దిగి, స్టేషన్ బయట అటుకుల మీద కారం పులుసు పోసిచ్చే తర్రి పోహా తిని, ఆటోలో ఇరవై రూపాయలిచ్చి నేరుగా మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. అప్పటికే ముందు చక్రం ఎక్కించారు. బావ చేత్తో తిప్పగానే గర్రుమంది. ఆ కారుకు ముందు బ్రేకులు పెద్దవి. చక్రం లోపలి అంచు ఎక్కడో వాటికి రాసుకుంటోంది. బావ ముఖం చూడలేకపోయాను.

"కాకా, ఘాబరా పడకు. వెనుక బిళ్ల పెట్టి చక్రాన్ని జర బయటికి జరుపుత" అన్నాడు మెకానిక్.

"వద్దు. గట్లయితే నట్టుకు చుట్లు తక్కువ పడి పట్టు ఉండది. లోయల పొంటి మా ఆమెను కూసోవెట్టుకొని పోవాలె" అన్నాడు బావ.

చక్రం ఊడదీయించి, కింద నిలబెట్టి, పానాతో అంచు చుట్టూ తట్టుతూ చెవి పెట్టాడు. గనిలో పని మొదలుపెట్టేముందు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి వింటారట. బోలుగా పలికితే అక్కడ నిలబడరు. మెకానిక్ నవ్వాపుకున్నాడు. అంతా ఖణేల్‌మంటున్న చక్రం ఒక్కచోట మొద్దుగా పలికింది. అక్కడ గట్టిపడిన మట్టిని బావ గీకితే, చక్రం సమంగా తిరగడానికి ఎప్పుడో అతికించిన బరువు బిళ్లలు బయటపడ్డాయి. రాసుకునేది అవే.

వాటిని పీకేసి, బ్రేకు తగలని చోట కొత్తవి అతికించి, మళ్లీ బిగించేసరికి మూడైంది. తిప్పితే చప్పుడు లేదు. బావ మూడు ఏటీఎం కార్డులు కలిపి చక్రానికీ బ్రేకుకూ మధ్య సందులో పెట్టి, అవి తేలిగ్గా కదిలాకే ఊపిరి వదిలాడు. రెండో ముందు చక్రానికీ అదే వైద్యం చేశారు. వెనుకవి రెండూ సులువుగానే పట్టాయి. మీరూ ఇలాంటివి కొంటే ఊళ్లోనే బిగించి చూసుకోండి.

సాయంత్రం ఆరింటి రైలుకు అక్క ఒక్కతే నన్ను ఎక్కించడానికి వచ్చింది.

"నాకు మంచెందుకే? జర చలి పెడితేనే మోకాళ్లు పట్టేస్తయి" అంది ఉన్నట్టుండి.

"మరి అడిగినవెందుకు?"

"పొద్దంత ఫ్యాన్ దిక్కు చూసుకుంట పండేటోడు. ఏదన్న పని చెప్పాలె గద."

"ఇప్పుడేం చేస్తవు?"

"ఏం చేస్త? చక్రాలు పట్టినయి. పోవాలె."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒంటి మీది శాలువా తీసి అక్కకు కప్పాను. బల్లార్షా దాటాక చలికి వణికిపోయాను గానీ, ఏ ప్రయాణం నుంచీ ఇంత హాయిగా ఇంటికి రాలేదు.